పక్కింటి హో మోక్

ఆస్ట్రేలియాలో పెర్త్ శివారు కానింగ్ వేల్‌లో ఇల్లు కొనుక్కుని దిగిన మొదటి వేసవిలో, ఒకరోజు పొద్దున్నే పెరటి రేకుల కంచె మీదుగా ఒక చెయ్యి పైకి లేచింది. చెయ్యి వెనక మనిషి కనపడలేదు. ఆ చెయ్యి మా అరటిచెట్టు వైపు చూపిస్తూ, "ఆకులు. రెండు ఆకులు ఇస్తావా?" అని ఇంగ్లీషులో అడిగింది.

నేను స్టూలు తెచ్చుకుని ఎక్కి చూశాను. అవతల, బోర్లించిన బకెట్ మీద మునివేళ్ల మీద నిలబడి, పొట్టిగా సన్నగా ఒకావిడ. జుట్టు చెవుల పైకి కత్తిరించుకుంది. అరవై దాటి ఉంటాయి. "నేను థాయ్," అంది, అదే తన పేరన్నట్టు.

అప్పటికి మా అమ్మాయికి ఏడు నెలలు. మా ఆయనకి ఉత్తరాన ఇనుప గనుల్లో పని. రెండు వారాలు అక్కడ, ఒక వారం ఇంట్లో. ఆ రెండు వారాలూ నాతో మాట్లాడే మనిషి ఉండేది కాదు. పిల్లతో మాట్లాడీ మాట్లాడీ నా గొంతే నాకు పసిగొంతులా వినిపించేది. అలాంటప్పుడు ఒక మనిషి వచ్చి ఆకులు అడిగితే గెల కూడా కోసిచ్చేసేదాన్నే, ఆ చెట్టుకి గెల ఉంటే.

ఆవిడే చెప్పింది, ఆకులు పొద్దున్నే కొయ్యాలని. పెర్త్‌లో మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి లేస్తుంది. ఇక్కడివాళ్లు దాన్ని డాక్టర్ అంటారు, ఎండ దెబ్బకి అదే మందని. మనుషులకి డాక్టరే గానీ అరటాకులకి యముడు. సాయంత్రానికి ఆకులన్నీ దువ్వెన పళ్లలా చీలిపోయి ఉంటాయి.

ఆ సాయంత్రం ఆవిడ ప్లేటుతో మా తలుపు దగ్గరికొచ్చింది. అరటాకు మడిచి చేసిన చిన్న గిన్నెలు మూడు. లోపల నారింజ రంగులో ఏదో ఉంది. పైన తెల్లగా కొబ్బరిపాల మీగడ, దానిమీద దారాల్లా తరిగిన ఎర్ర మిరపకాయ. స్పూనుతో తాకితే జున్నులా వణికింది. నోట్లో పెట్టుకున్నాక గానీ చేప అని తెలియలేదు. పిల్లని చంకనేసుకుని, గుమ్మంలోనే నిలబడి, ఆవిడ చూస్తుండగానే మూడూ తినేశాను.

"హో మోక్," అంది ఆవిడ. చేపని కూర ముద్దతో, కొబ్బరిపాలతో కలిపి ఆకులో ఆవిరి మీద ఉడికించేది. మా ఇంట్లో దానికి చేపల జున్ను అని పేరు పడింది. ఆవిడకి ఆంటీ అని పడింది.

ఖాళీ గిన్నె తిరగేసి చూశాను. ఆకుని గుండ్రంగా కత్తిరించి, నాలుగు చోట్ల మడిచి, మడతకో పుల్ల గుచ్చింది. మాది కోనసీమ. అమ్మమ్మ పనసాకులు నాలుగు కలిపి, ఈనెపుల్లలు గుచ్చి బుట్టలు కుట్టేది. వాటిలో ఇడ్లీ పిండి పోసి ఉడికిస్తే పొట్టిక్కలు. ఎనిమిదేళ్లు వచ్చేసరికి బుట్టలు కుట్టే పని నాదే. ఆ తర్వాతి శనివారం ఆంటీ వంటింట్లో ఒక ఆకు తీసుకుని, పొయ్యి మంట మీద ఇటూ అటూ చూపించి మెత్తబడ్డాక గిన్నె చేసి చూపించాను. ఆవిడ దాన్ని కుళాయి కింద పెట్టి నీళ్లు పట్టింది. సింక్ మీద ఎత్తి పట్టుకుంది. ఒక్క చుక్క కారలేదు.

"ఎవరు నేర్పారు?"

"అమ్మమ్మ."

"నాకు మా అమ్మ. నేర్పలేదు, కొట్టింది. వచ్చేసింది."

ఆ తర్వాత నా శనివారాలు ఆంటీ వంటింట్లోనే గడిచాయి. మా ఆయన ఇంట్లో ఉంటే ఆయన కూడా వచ్చి, బల్ల దగ్గర కూర్చుని తిని వెళ్లేవాడు. ఆవిడ భర్త ఇక్కడివాడు, మేం రాకముందే పోయాడు. ఇంట్లో ఆవిడొక్కతే.

రాతి రోట్లో ఎండుమిరపకాయలు, నిమ్మగడ్డి, అల్లంలా ఉండి అల్లం కాని దుంపలు రెండు రకాలు, చిన్నుల్లిపాయలు, రొయ్యల ముద్ద వేసి ఆవిడ దంచుతుంటే పిల్ల ఆ చప్పుడుకి నిద్రపోయేది. దంచిన ముద్దలో చేప ముక్కలు వేసి, గుడ్డు కొట్టి, కొబ్బరిపాలు చెంచాడు చెంచాడుగా పోస్తూ తెడ్డుతో తిప్పాలి. ఒకే వైపు తిప్పాలి. అటోసారి ఇటోసారి తిప్పితే చేపకి కోపమొస్తుందనేది. అలా తిప్పగా తిప్పగా ముద్ద సాగి, జిగురెక్కి, తెడ్డుని వదలనంటుంది. అప్పుడు గిన్నె అడుగున తులసిలాంటి ఆకులు పరిచి, వాటిమీద ఈ ముద్ద పెట్టి, ఆవిరికి ఎక్కించడం.

చేప బారమండి. అది మన పండుగప్పే. షాపులో ఆ పేరు చూసి కొన్నాళ్లు కొత్త చేపేమో అనుకున్నాను. ఒకరోజు మొత్తం చేపని మంచు మీద పడుకోబెట్టి ఉంచితే, మొహం చూసి గుర్తుపట్టాను. ఆ సంగతి చెప్తే ఆంటీ తల ఊపింది.

"మంచి చేపే. కానీ హో మోక్‌కి అసలు చేప ఇది కాదు."

"మరి?"

ఆవిడకి ఇంగ్లీషు పేరు తెలీదు. సూపర్‌మార్కెట్ కాగితం తిరగేసి పెన్నుతో గీసింది. పొడుగ్గా ఉంది. "తల పాములా ఉంటుంది. బురదలో ఉంటుంది. నీళ్లు ఎండిపోయినా చావదు. పెద్ద వాన పడితే..." అని మోచేతుల్ని గట్టు మీద ఆనించి, ఒకదాని తర్వాత ఒకటి ముందుకు జరిపింది. ఆ చేప పొలం గట్టెక్కి నడుస్తున్నట్టే ఉంది.

"కొరమేను!" అని అరిచాను. పిల్ల ఉలిక్కిపడి లేచింది.

"కొ-ర-మే-ను," అంది ఆంటీ ఒక్కో అక్షరం నాలుకతో తడిమినట్టు. "మాకు ప్లా చోన్."

మా ఇంట్లో చేతిలోంచి జారిపోకుండా బూడిద రాసి పట్టుకునేవారని చెప్పాను. వాళ్లమ్మ కూడా బూడిదేనట. వాళ్ల ఊరి పక్కన కూడా కాలవ, వరిచేలు, కొబ్బరిచెట్లు. బతికున్న కొరమేను కోసం మేమిద్దరం ఆ రోజు ఎంత మాట్లాడుకున్నామో, ఎవరైనా వింటే పోయిన చుట్టం గురించి అనుకుంటారు. తర్వాత ఒకసారి గడ్డకట్టిన కొరమేను ఒక ఆసియా షాపులో దొరికితే తెచ్చాం. వండాం. ఇద్దరం తిని, ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మళ్లీ తేలేదు.

ఆవిడ ఫ్రిజ్ మీద ఒక ఫొటో ఉండేది. తెల్ల చొక్కా, నీలం లంగా యూనిఫారంలో చిన్న పిల్ల. "కూతురు," అని మొదటిరోజే చెప్పింది. ఆ కూతురు నాకన్నా మూడేళ్లు పెద్దదని తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది. దానికి ఆరేళ్లప్పుడు, తన తల్లి దగ్గర వదిలి ఆంటీ ఇక్కడికొచ్చింది. ఆదివారాలు ఫోను చేసేది.

ఒక శనివారం తెడ్డు తిప్పుతున్న ఆవిడని అడిగాను. "ఆంటీ, మీ అమ్మాయిని ఇక్కడికి ఎందుకు తెచ్చుకోలేదు?"

తెడ్డు ఆగింది. కిటికీలోంచి మా అరటిచెట్టు వైపు చూసింది. "ముందు కాగితాలు రాలేదు," అంది. "కాగితాలు వచ్చాక మా అమ్మ ఇవ్వలేదు. మా అమ్మ ఇస్తానన్నాక, అది రానంది." తర్వాత మళ్లీ తిప్పడం మొదలుపెట్టింది, కానీ ఎటు తిప్పుతుందో తనే మర్చిపోయింది. ఆ రోజు హో మోక్ విరిగింది. ముక్కలు ఒకచోట, నీళ్లు ఒకచోట. తొమ్మిదేళ్లలో పాడైంది అదొక్కసారే. దాన్నే అన్నంలో కలుపుకుని తిన్నాం. నేను మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మా అమ్మాయి పెరిగింది. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పే వయసుకొచ్చింది. "ఇట్స్ టూ వాబ్లీ, అమ్మా," అని మొదట్లో మొహం తిప్పుకునేది, తర్వాత తర్వాత మీగడ వరకూ మాత్రం గీరుకుని తినేది. ఆంటీ ఆ పిల్ల కోసం ఒక గిన్నెలో మీగడ మందంగా పోసేది. నా కోసం పచ్చిమిరపకాయ పక్కన పెట్టేది. నేను కొరుక్కుంటూ తింటుంటే "ఇంకా కారం కావాలా? ఇంకానా?" అని నవ్వేది.

పోయినేడు చలికాలంలో ఆంటీ బస్‌స్టాప్‌లో పడిపోయింది. గుండె. ఆసుపత్రిలో రెండు రోజులుంది. నేను వెళ్లేసరికి నిద్రలో ఉంది. ఆవిడ చెయ్యి పట్టుకుంటే నిమ్మగడ్డి వాసన వస్తుందేమోనని పిచ్చిగా వాసన చూశాను. ఆసుపత్రి సబ్బు వాసన వచ్చింది. మర్నాడు పొద్దున్న ఫోను చేస్తే, మీరు ఆవిడకి ఏమవుతారని అడిగారు. పక్కింటిదాన్ని అన్నాను. అయితే ఏమీ చెప్పకూడదన్నారు. అప్పుడే అర్థమైంది.

అయిదో రోజుకి కూతురు వచ్చింది. ఆస్ట్రేలియా రావడం ఆమెకి అదే మొదటిసారి. థాయ్ గుడిలో అంత్యక్రియలు జరుగుతుంటే దూరంగా నిలబడి చూశాను. తల్లి ఎత్తే, తల్లి భుజాలే.

ఇల్లు ఖాళీ చెయ్యడానికి రెండు వారాలు ఉంది. ఒక మధ్యాహ్నం మా కాలింగ్ బెల్ నొక్కి, చేతిలో మంచు పట్టిన ప్లాస్టిక్ సంచితో నిలబడింది. ఏదో హోటల్లో రిసెప్షన్‌లో పనిచేస్తుందట, ఇంగ్లీషు వాళ్లమ్మకన్నా బాగా మాట్లాడుతుంది.

"ఫ్రీజర్‌లో ఉంది. కూర ముద్ద. అమ్మ దంచిందే కదా?"

సంచిలో ఇటుకరంగు గడ్డలు, ఒక్కసారి వండుకోవడానికి సరిపడా. సంచి మీద నీలం ఇంకుతో థాయ్ అక్షరాలు. నాకు చదవడం రాదు. "అవును. ఏం రాసుంది?" అన్నాను.

ఆమె చదివింది. "హో మోక్. శనివారం. పక్కింటికి."

నేను ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూశాను.

"ప్రతి శనివారమా?" అనడిగింది.

"దాదాపుగా."

"ఎన్నేళ్లు?"

"తొమ్మిది."

సంచి మీద మంచుని బొటనవేలితో తుడిచింది. "తొమ్మిదేళ్లు మా అమ్మ చేతి వంట నువ్వు తిన్నావు," అంది. కోపం లేదు. హోటల్లో ఎవరికో గది నంబరు చెప్పినంత మామూలుగా చెప్పింది. "రెండేళ్లకోసారి వచ్చేది. పదిహేను రోజులు. ఇంటికొచ్చిన చుట్టమని అమ్మమ్మ వంటింట్లోకి రానిచ్చేది కాదు. మా అమ్మ ఏం వండుతుందో నాకు తెలీదు."

"రా, లోపలికి రా," అన్నాను. తెలుగులోనే వచ్చేసింది నోట్లోంచి. ఆమె వచ్చింది.

మర్నాడు పొద్దున్న గాలి లేవకముందే ఆకులు కోసుకుని ఆంటీ ఇంటికి వెళ్లాను. వంటింట్లో సగం సామాన్లు అట్టపెట్టెల్లోకి వెళ్లిపోయాయి. ఆవిరి గిన్నె కోసం రెండు పెట్టెలు విప్పాల్సి వచ్చింది. దొరకలేదు. మా ఇంటికెళ్లి ఇడ్లీ కుక్కర్ తెచ్చాను.

ఆమెకి ఆకు మడవడం రాలేదు. మొదటి మూడూ చిరిగాయి. నాలుగోదానికి పక్కన నిలబడి, ఆమె వేళ్లమీద నా వేళ్లు పెట్టి మడిచాను. పొట్టి బొటనవేలు, అచ్చు ఆంటీదే. ఆంటీ చెయ్యి నేనెప్పుడూ అలా పట్టుకోలేదు. ఆవిడకి నేర్పాల్సిన అవసరం రాలేదుగా.

ముద్ద కలిపేటప్పుడు తెడ్డు ఆమెకే ఇచ్చాను. కొబ్బరిపాలు నేను పోశాను. "ఒకే వైపు," అని చెప్పాను. ఆమె తిప్పుతూ అడగడం మొదలుపెట్టింది. వండేటప్పుడు ఏమైనా పాడేదా? లేదు, రేడియో పెట్టుకునేది, వార్తలు వినేది. ముందు తినేదా, అందరూ తిన్నాకా? మాకు పెట్టి చూస్తూ కూర్చునేది, చల్లారినదే ఇష్టం. నా గురించి చెప్పేదా?

చెప్పేదని అబద్ధం ఆడటం తేలికే. "నేను ఒకసారి అడిగాను," అన్నాను. "అడిగిన రోజున వంట పాడైంది. ఆ తర్వాత నేనూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. కానీ ఆ ఫొటో మాత్రం ఫ్రిజ్ మీంచి ఎప్పుడూ తియ్యలేదు."

ఆమె చెయ్యి మార్చుకుంది, తిప్పడం ఆపలేదు.

ఇరవై నిమిషాలకి మూత తీశాం. మీగడ కుదురుకుంది. పైన నిమ్మాకు సన్నగా తరిగి చల్లాను. ఆమె మొదటి చెంచా నోట్లో పెట్టుకుని చాలాసేపు మింగలేదు. నేను ఆమెనే చూస్తున్నాను. ఏం ఆశించానో నాకే తెలీదు. ఏడుస్తుందనుకున్నానేమో.

"అమ్మమ్మది ఇలా ఉండదు," అంది. "ఇందులో కారం చాలా ఎక్కువ. మా ఊళ్లో ఎవరూ ఇంత కారం వెయ్యరు."

అప్పుడు తట్టింది నాకు. మొదటి సాయంత్రం గుమ్మంలో నిలబడి తిన్న ఆ మూడు గిన్నెల్లో ఇంత కారం లేదు. నేను పచ్చిమిరపకాయ కొరుక్కోవడం చూసి చూసి, ఏడాదికో నాలుగు మిరపకాయలు పెంచుకుంటూ పోయింది ఆంటీ. చివర్లో మిరపకాయ పక్కన పెట్టడం మానేసింది. నేనది గమనించనే లేదు. ఆ ఫ్రీజర్‌లో మిగిలిన ముద్ద వాళ్ల ఊరి రుచి కాదు. నా నాలుకకి తగ్గట్టు దంచింది. ఎన్నో వేల మైళ్లు దాటొచ్చిన కూతురికి తల్లి చేతి రుచి దొరికినా, అందులో సగం నా కోసం మారిపోయింది.

చెప్పాలా వద్దా అని ఊగిసలాడాను. చెప్పేశాను.

ఆమె గిన్నెలోకి చూస్తూ విన్నది. "అయితే మారిందన్నమాట," అంది. "నేను మాత్రం, మా అమ్మ మారదని, అందుకే వెనక్కి రాదని అనుకునేదాన్ని." ఆ మాటకి అర్థమేమిటో నేను అడగలేదు. మంచినీళ్లు తాగి రెండోది తీసుకుంది. తర్వాత మూడోది. చేసినవి ఏడు. నాలుగు ఆమె తిన్నది, రెండు నేను. ఒకటి ఫ్రిజ్ పక్కన గట్టు మీద పెట్టి, చేతులు జోడించి, కళ్లు మూసుకుంది. నేనూ మూసుకున్నాను.

వెళ్లేరోజు ఎయిర్‌పోర్ట్‌కి నేనే దింపాను. కారులో అడిగింది, "మా అమ్మ నిన్ను ఏమని పిలిచేది?"

"నోంగ్."

"అంటే చెల్లెలు."

"తెలుసు."

కొంచెంసేపు లెక్క చూసుకుని నవ్వింది. ఆ రెండు వారాల్లో నవ్వడం అప్పుడే చూశాను. "అయితే నువ్వు నాకు పిన్నివి. నాకన్నా చిన్న పిన్నివి. మా భాషలో అమ్మ చెల్లెల్ని 'నా' అంటాం."

"మా భాషలో నా అంటే మై," అన్నాను.

దిగేటప్పుడు చేతులు జోడించి, తల వంచి, "నా," అని పిలిచి వెళ్లింది. వెనక హారన్ కొడుతున్నా నేను కారు తియ్యలేకపోయాను.

ఆ ఇల్లు అమ్మేశారు. కొత్తవాళ్లు మంచివాళ్లే, కనపడితే చెయ్యి ఊపుతారు. నేను రోలు కొనుక్కున్నాను. అప్పుడప్పుడూ హో మోక్ చేస్తాను. రుచి దగ్గరదాకా వచ్చి అక్కడ ఆగిపోతుంది. మా ఆయన బాగుందంటాడు. మా అమ్మాయి, "ఆంటీ మేడ్ ఇట్ సాఫ్టర్," అంటుంది. దానిదే నిజం. శనివారం పొద్దున్న మెలకువ రాగానే ఒక్క క్షణం, ఇవాళ ఆకులు కొయ్యాలి అనిపిస్తుంది. ఆ క్షణం దాటాక రోజంతా పొడుగ్గా ఉంటుంది.

అక్కడినుంచి ఆమె మెసేజ్‌లు పెడుతుంది. తనూ చెయ్యడం మొదలుపెట్టింది. అమ్మ గుడ్డు మొత్తం వేసేదా, పచ్చసొన ఒక్కటేనా? ముద్ద ముందు వేయించేదా, పచ్చిదే కలిపేదా? ఆకుని మంట మీద చూపించేటప్పుడు ఏ వైపు కిందికి? ఆంటీ గురించి నన్ను అడిగే మనిషి ఈ భూమ్మీద ఆమె ఒక్కతే. మొదట్లో రోజుకి రెండు ప్రశ్నలు వచ్చేవి. ఇప్పుడు నెలకొకటి. నేర్చేసుకుంటోంది. అందుకని ఈ మధ్య నేనొక పని చేస్తున్నాను. తప్పని తెలుసు. ఆమె అడిగినదానికి సగమే చెప్తున్నాను, మిగతా సగం కోసం మళ్లీ రాస్తుందని.